హ్యూలండైట్‌ను ఎంత వేడి దగ్గర డీగ్యాస్ చేయాలి? ఒకే రాయికి రెండు రిజల్టులు వస్తున్నాయి

పెన్నా_తీరం (చెన్నై):

అందరికీ నమస్కారం అండి. మాది ప్రొద్దుటూరు దగ్గర. జియాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక ఇప్పుడు చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్నాను. దక్కన్ బసాల్ట్ గుల్లల్లో పెరిగే జియోలైట్లు (లోపల అణువులంత సన్న రంధ్రాలుండి, వాటిలో నీళ్లు పట్టుకునే ఖనిజాలు) కార్బన్ డయాక్సైడ్‌ను, మీథేన్‌ను ఎంత పట్టుకుంటాయో కొలవడం నా టాపిక్. ఫ్యాక్టరీలో తయారైన జియోలైట్ల మీద కుప్పలుగా పేపర్లున్నాయి. రాయి ఏ క్వారీది, పక్కన ఏ ఖనిజం అంటుకుని ఉంది అన్నది చెప్పి చేసిన పని మాత్రం నాకు తక్కువగా కనబడింది. అందుకే ఇష్టపడి తీసుకున్నాను.

నా దగ్గరున్నది నాసిక్ వైపు క్వారీ నుంచి వచ్చిన హ్యూలండైట్ అనే జియోలైట్. నారింజ, గులాబీ కలిసిన రంగు. శవపేటిక ఆకారంలో పలకలుగా స్ఫటికాలు, ఒక ముఖం మాత్రం ముత్యంలా మెరుస్తుంది. వాటి వెనక స్టిల్బైట్ అనే ఇంకో జియోలైట్ గుత్తులు, అక్కడక్కడ కాల్సైట్, అన్నిటికీ అడుగున ఆకుపచ్చ సెలడొనైట్ పొర. నూరక ముందు చూస్తే మనసొప్పదు, అంత బాగుంటుంది.

సుత్తితో విడగొట్టి, కల్వంలో నూరి, కామన్ ఫెసిలిటీకి ఇచ్చాను. వాళ్ల ఫారంలో డీగ్యాస్ ఉష్ణోగ్రత (కొలతకు ముందు వాక్యూమ్‌లో ఎంత వేడి చేసి లోపలి నీళ్లు, గ్యాసులు తీసేయాలన్నది) అని ఒక గడి ఉంటుంది. గైడ్ గారు ఒక పేపర్ చూసి 300 డిగ్రీల సెల్సియస్ అని రాయమన్నారు. నైట్రోజన్‌తో బీఈటీ ఏరియా (గ్యాస్ ఎంత పట్టిందో చూసి లెక్కగట్టే ఉపరితల వైశాల్యం) గ్రాముకు పది చదరపు మీటర్లలోపే వచ్చింది. తర్వాత అదే పొడిని వేరే ఆపరేటర్ 150 దగ్గర డీగ్యాస్ చేశారు. దానికి మూడింతలు వచ్చింది.

వేడి ఎక్కువైతే లోపలి నీళ్లు ఎక్కువ పోవాలి, ఖాళీ పెరగాలి, ఏరియా కూడా పెరగాలి కదా? ఇక్కడ తగ్గింది. పైగా రెండు అంకెలూ నేను చదివిన సింథటిక్ జియోలైట్ల అంకెల ముందు లెక్కలోకే రావు. గైడ్ గారేమో "ఈ రెండిట్లో ఏది నిజమో తేల్చుకుని రా" అన్నారు. డాక్టోరల్ కమిటీ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. సహజ ఖనిజాన్ని అధిశోషణ (గ్యాస్‌ను ఎంత పట్టుకుంటుందో చూసే) ప్రయోగానికి ఎలా సిద్ధం చేయాలో మొదటి నుంచి తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారా?

మాలిక్యులర్_జల్లెడ:

నేను 13ఎక్స్ అనే సింథటిక్ జియోలైట్ మీద పని చేస్తాను. మేం రాత్రంతా వాక్యూమ్‌లో 350 దగ్గర పెడతాం, ఏరియా ఎప్పుడూ ఒకేలా వస్తుంది. జియోలైట్ అంటే నీళ్లు గట్టిగా పట్టుకునే పదార్థం, 150 అసలు సరిపోదు. 300లో తక్కువ వచ్చిందంటే బరువు తూచడంలో ఎక్కడో తేడా ఉండొచ్చు. నా సలహా ఇంకా పైకి వెళ్లమనే.

పాతగాజు (చెన్నై):

అమ్మా, పైకి వెళ్లకండి. పైన చెప్పినవారు 13ఎక్స్ విషయంలో నూటికి నూరుపాళ్లు కరెక్టు. మీ రాయికి మాత్రం అది వర్తించదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఈ పని మీద ఇక్కడే చెన్నైలో నా సర్వీసంతా గడిచింది. మెషిన్లు రాకముందు గాజు గొట్టాలు మేమే ఊది అతికించుకుని, పాదరసం మానోమీటర్ చూసి పాయింటు పాయింటుగా ఐసోథెర్మ్ (ఒకే ఉష్ణోగ్రతలో పీడనం పెంచుతూ పోతే ఎంత గ్యాస్ పట్టిందో చూపే గీత) గీసినవాళ్లం. ఇప్పుడు బటన్ నొక్కితే రిపోర్టు వస్తోంది, సంతోషమే. కానీ శాంపిల్‌ని సిద్ధం చేసే పని బటన్‌తో అయ్యేది కాదు. అది ఇప్పటికీ మీ చేతిలోనే ఉంది.

హ్యూలండైట్, దాన్ని పోలిన క్లినోప్టిలోలైట్ అనే జియోలైట్, రెండిటి ఎముకల గూడు (పరమాణువుల అమరిక) ఒకటే. తేడా సిలికాన్, అల్యూమినియం పాళ్లలో ఉంది. 1997లో అంతర్జాతీయ ఖనిజ సంఘం పెట్టిన గీత ప్రకారం ఆ నిష్పత్తి 4 కన్నా తక్కువైతే హ్యూలండైట్, 4 అంతకన్నా ఎక్కువైతే క్లినోప్టిలోలైట్. కాగితం మీద చిన్న తేడానే. వేడి చేస్తే మాత్రం రెండూ రెండు దారులు పడతాయి. 1960లోనే మంప్టన్ అనే పరిశోధకుడు ఈ సంగతి చూపించాడు. క్లినోప్టిలోలైట్ గాలిలో దాదాపు 700 డిగ్రీల దాకా నిలబడుతుంది. హ్యూలండైట్ 230 దగ్గర ముడుచుకుని ఇంకో రూపంలోకి మారుతుంది, దాన్నే హ్యూలండైట్-బి అంటారు. 350కి వచ్చేసరికి ఎక్స్‌రేలకు స్ఫటికంలాగే కనబడదు. అంటే 300 దగ్గర మీరు కొలిచింది నాసిక్ నుంచి తెచ్చిన ఖనిజాన్ని కాదు, దారులు మూసుకుపోయి మిగిలినదాన్ని. నీళ్లు పోయిన మాట నిజమే. నీళ్లతో పాటు గోడలూ లోపలికి వాలిపోయాయి.

మీ గైడ్ గారు చూసిన పేపర్ బహుశా క్లినోప్టిలోలైట్ మీదిది అయ్యుంటుంది. వాళ్లకు 300 మంచి అంకె. గడిలో రాసే అంకె ఆ మెషిన్‌కి సంబంధించిన సెట్టింగ్ అనుకుంటారు చాలామంది. నిజానికి అది మీ శాంపిల్ వివరాల్లో భాగం. థీసిస్‌లో ఏ క్వారీ రాయి అన్నది ఎంత జాగ్రత్తగా రాస్తారో, ఎంత వేడిలో, ఎంతసేపు, ఎంత వాక్యూమ్‌లో ఉంచారో కూడా అంతే జాగ్రత్తగా రాయాలి. ఏది నిజమో తేల్చమన్నారు కదా, మెషిన్ రెండుసార్లూ నిజమే చెప్పింది. రెండుసార్లూ దానికి వేరే వేరే పదార్థం ఇచ్చారు, అంతే.

ఇప్పుడు పని ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. మొదట కల్వం దగ్గరికి కాదు, స్టీరియో మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లండి. మినపగుండ్లంత ముక్కలుగా విరిచి, పట్టకారుతో ఒక్కొక్కటి ఏరండి. స్టిల్బైట్ పనలు కట్టినట్టు నడుము దగ్గర బిగిసి ఉంటుంది. హ్యూలండైట్ పలక పలకగా విడుతుంది. ఇంకొకటి జాగ్రత్త: అపోఫిల్లైట్ కూడా ఒక ముఖం ముత్యంలాగే మెరుస్తుంది, కానీ దాని అడ్డుకోత నలుచదరంగా ఉంటుంది. అది జియోలైటే కాదు. ఆకుపచ్చ మరక ఉన్న ముక్కను నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టండి. రెండు గ్రాములు శుభ్రమైనవి ఏరడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వృథా అనుకోకండి, తర్వాత వచ్చే ప్రతి అంకె దాని మీదే నిలబడుతుంది.

నూరేటప్పుడు అగేట్ కల్వంలో పైనుంచి నొక్కి చితగ్గొట్టండి, గుండ్రంగా రుద్దుతూ కూర్చోకండి. బాల్ మిల్ అసలే వద్దు. ఎక్కువసేపు నూరితే జియోలైట్ స్ఫటికం పైపైన పాడై, గాజులాగా మారుతుంది. అప్పుడు వేడి చేయకుండానే రంధ్రాలు పోతాయి. కాస్త నూరడం, జల్లించడం, పైన మిగిలినది మళ్లీ నూరడం, అలా చేయండి. 60 మెష్‌లో దిగి 100 మెష్ మీద నిలిచే పొడి తీసుకోండి, అంటే 150 నుంచి 250 మైక్రాన్లు. మరీ మైదాలా ఉంటే వాక్యూమ్ తెరవగానే గొట్టంలో పైకి ఎగిరి వాల్వులోకి పోతుంది. అప్పుడు ఆ మెషిన్ ఇన్‌ఛార్జి మీ పేరు ఏడాదిపాటు గుర్తుపెట్టుకుంటారు.

తర్వాత ఆ పొడిని డెసికేటర్‌లో (బయటి గాలి చొరబడని మూత పాత్రలో), అడుగున సాధారణ ఉప్పు సంతృప్త ద్రావణం పోసి, ఒక వారం ఉంచండి. ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ వాడండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. మన ఊళ్లో ఇది మరీ అవసరం. పొద్దున ఉక్కపోతలో ఒక బరువు, ఏసీ వేశాక మధ్యాహ్నం ఇంకో బరువు చూపిస్తుంది జియోలైట్. అందరూ ఒప్పుకునే మొదటి బరువు ఒకటి ఉండాలి కదా.

అక్కడి నుంచి కొంచెం తీసి టీజీఏ (వేడి పెంచుతూ పోతే బరువు ఎంత తగ్గుతుందో చూసే పరీక్ష) చేయించండి. హ్యూలండైట్‌లో నీళ్లు దాదాపు 16 శాతం ఉంటాయి, మెట్లు మెట్లుగా పోతాయి. ఏ మెట్టు ఎక్కడ ముగుస్తుందో చూస్తే డీగ్యాస్ ఎక్కడ ఆపాలో మీకే తడుతుంది. వాక్యూమ్‌లో ఆ మెట్లన్నీ ఇంకా కిందికి జరుగుతాయని మరిచిపోకండి. గాలిలో 230 దగ్గర జరిగేది వాక్యూమ్‌లో అంతకన్నా ముందే మొదలవ్వచ్చు. అందుకని ఒకే అంకె పట్టుకోకుండా 120, 160, 200 దగ్గర విడివిడి భాగాలు చేసి చూడండి.

వేడి ఎక్కించే తీరు ఇంకా ముఖ్యం. తడి జియోలైట్‌ను ఒక్కసారిగా వేడిలోకి నెడితే, నీళ్లు బయటికి పోయే వ్యవధి లేక, ఇడ్లీ పాత్రలో పెట్టినట్టు తన ఆవిరిలో తనే ఉడుకుతుంది. ఆ ఆవిరి అల్యూమినియంను గూట్లోంచి ఊడదీస్తుంది. కాబట్టి ముందు గది ఉష్ణోగ్రతలోనే వాల్వు సన్నగా తెరిచి నిదానంగా గాలి లాగండి. పొడి ఎగరడం లేదని చూసుకున్నాక నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 80 దాకా వెళ్లి రెండు గంటలు ఆగండి. ఎక్కువ నీళ్లు అక్కడే పోతాయి. ఆ తర్వాత మళ్లీ అదే నడకతో పైకి. అయిందా లేదా అన్నది గడియారాన్ని అడగకండి. పంపు వైపు వాల్వు మూసి, గేజ్‌లో పీడనం ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. ఇంకా పెరుగుతుంటే శాంపిల్ ఇంకా ఏదో వదులుతున్నట్టే. కదలకుండా నిలిస్తే అయినట్టు.

చివరిగా, గూడు నిలిచిందా కూలిందా అని తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. డీగ్యాస్ అయిన పొడిని మళ్లీ అదే ఉప్పు డెసికేటర్‌లో పెట్టి తూచండి. మొదటి బరువుకు తిరిగొస్తే గూడు బాగానే ఉంది. రాకపోతే, ఎక్కడో దారి మూసుకుపోయింది. దాంతోపాటు ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికం అమరిక చూసే పరీక్షలో) 9.9 డిగ్రీల కోణం దగ్గరి పీక్ చూడండి, మెషిన్‌లోది రాగి ఎక్స్‌రే గొట్టం అయితే. బి-రూపంలోకి మారితే అది కుడివైపు జరుగుతుంది. పలకలు ఒకే వైపు పడుకోవడం వల్ల ఆ పీక్ అసలే ఎత్తుగా కనబడుతుంది. కాబట్టి ఎత్తు చూసి మురిసిపోకుండా, చోటు చూడండి.

మాలిక్యులర్_జల్లెడ:

మంచి మాట చెప్పారండి. 13ఎక్స్ నిష్పత్తి ఇంకా తక్కువ కదా, 1.2 దగ్గర ఉంటుంది. అది 350కి తట్టుకుంటుంటే హ్యూలండైట్ ఎందుకు తట్టుకోదు?

పాతగాజు (చెన్నై):

నిష్పత్తి ఒక్కటే చాలదండి, గూడు ఆకారం కూడా చూడాలి. 13ఎక్స్ గూడు నాలుగు వైపులా సమంగా, గట్టిగా ఉంటుంది. నీళ్లు పోయినా పెద్దగా వంగదు. హ్యూలండైట్ పొరలు పొరలుగా ఉండి, పొరల మధ్య తక్కువ బంధాలతో నిలబడుతుంది. ఆ మధ్యలో ఉండే కాల్షియం చుట్టూ నీళ్లున్నంత వరకు సరే. నీళ్లు పోయాక అది ఆక్సిజన్ కోసం గోడ దగ్గరికి జరుగుతుంది, ఆ లాగుడికి బంధాలు తెగుతాయి. అదే రాయిలో కాల్షియం తీసి పొటాషియం పెడితే చాలా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. లోపల ఏ అయాన్ ఉందన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

పెన్నా_తీరం (చెన్నై):

మాస్టారూ, చదువుతుంటే ఒక్కొక్క చిక్కూ విడిపోతోంది. చాలా చాలా థాంక్స్. పాత ఎక్స్‌ఆర్‌డీ ఫైల్ తీసి చూశాను. 300 దగ్గర చేసిన పొడికి ఆ పీక్ నిజంగానే కుడివైపు జరిగి, పొట్టిగా, వెడల్పుగా ఉంది. 150 దగ్గరిది ఉన్నచోటే ఉంది.

ఇంకో రెండు సందేహాలు. ఎంత ఏరినా స్ఫటికాల సందుల్లో సన్నని కాల్సైట్ మిగులుతోంది. పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కడిగితే పోతుందని సీనియర్ అన్నారు. చేయొచ్చా? అలాగే 150లో వచ్చిన ఏరియా కూడా తక్కువే కదా. గూడు నిలబడి ఉంటే వందల్లో రావాలి కదా?

జాలహళ్లి_గాలి (బెంగళూరు):

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. మేం ఇక్కడ బెంగళూరులో గ్యాస్ అడ్సార్ప్షన్ మెషిన్ నడుపుతాం, కాబట్టి ఈ ప్రశ్న మాకు వారం వారం వస్తుంది.

హ్యూలండైట్‌లో అన్నిటికన్నా పెద్ద దారి కూడా ఒక వైపు 7.5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు), ఇంకో వైపు 3.1 మాత్రమే. నైట్రోజన్ అణువు సైజు 3.64. కార్బన్ డయాక్సైడ్ 3.3, మీథేన్ 3.8, నీళ్లు 2.65. గది వేడిలో గోడలు కదులుతుంటాయి కాబట్టి కొంచెం పెద్ద అణువు కూడా ఎలాగోలా దూరుతుంది. నైట్రోజన్ కొలత జరిగే 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 సెల్సియస్) చలిలో ఆ కదలిక తగ్గిపోతుంది, అణువుకు కూడా తోసుకెళ్లే శక్తి ఉండదు. పైగా దారిలో కాల్షియం అయాన్ అడ్డంగా నిలబడి ఉంటుంది. దాంతో నైట్రోజన్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మీకు వచ్చిన ఏరియా ఎక్కువగా స్ఫటికాల బయటి ముఖాలది, సందులది. లోపల ఖాళీ లేదని దాని అర్థం కాదు. మీ ఐసోథెర్మ్‌లో వెళ్లిన గీత, తిరిగొచ్చిన గీత తక్కువ పీడనం దగ్గర కూడా కలవకుండా ఉంటే, నైట్రోజన్ లోపలికి దూరలేక అవస్థ పడుతోందనడానికి అదొక గుర్తు.

మీ అసలు ప్రశ్న కార్బన్ డయాక్సైడ్ కాబట్టి, 273 కెల్విన్ (సున్నా సెల్సియస్) దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఐసోథెర్మ్ చేయించండి. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసు పొడి చేసి, అదే నీళ్లు కలిపి పెడితే సరిపోతుంది. ఆ వేడిలో అణువులు చకచకా దూరతాయి, సమతాస్థితి త్వరగా వస్తుంది. ఒక వాతావరణ పీడనం దాకా కొలిచినా సాపేక్ష పీడనం (గ్యాస్ ద్రవంగా మారే సంతృప్త పీడనంలో ఎంత భాగం అన్నది) 0.03 దాకానే అవుతుంది, కాబట్టి చూసేది సన్న రంధ్రాలనే. ఒక్క హెచ్చరిక. జియోలైట్ లోపలి అయాన్లు కార్బన్ డయాక్సైడ్‌ను గట్టిగా లాక్కుంటాయి. కాబట్టి ఆ ఐసోథెర్మ్ నుంచి సాఫ్ట్‌వేర్ గీసి ఇచ్చే రంధ్రాల సైజు పంపిణీ బొమ్మను నమ్మకండి. ఎంత పట్టిందన్నది రాయండి, చాలు. నైట్రోజన్ బదులు 87 కెల్విన్ దగ్గర ఆర్గాన్ వాడమని 2015లో ఐయూపీఏసీ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం) చెప్పింది. సన్న రంధ్రాలకు అది నిజంగా మేలు. కానీ మీ రాయికి ఆ చలిలో ఆర్గాన్‌కీ ఇదే ఇబ్బంది ఉంటుంది.

బీఈటీ లెక్కలో సాపేక్ష పీడనం 0.05 నుంచి 0.30 దాకా అనే పాత పరిధిని కళ్లు మూసుకుని పెట్టకండి. సన్న రంధ్రాలున్నవాటికి ఇంకా కింది పాయింట్లు తీసుకోవాలి. ఆ లెక్కలో వచ్చే సి అనే స్థిరాంకం విలువ మైనస్‌లో వస్తే ఆ లెక్క పనికిరాదని అర్థం.

ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పీడనం 690 టార్ (పాదరసం మిల్లీమీటర్లు) దరిదాపుల్లో ఉంటుంది. లిక్విడ్ నైట్రోజన్ కూడా అందుకు తగ్గట్టు కొంచెం తక్కువ ఉష్ణోగ్రతలోనే, సుమారు 76.5 కెల్విన్ దగ్గర మరుగుతుంది. మీకు అక్కడ దాదాపు 760. సంతృప్త పీడనాన్ని 760 అని చేత్తో టైప్ చేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మీ శాంపిల్ ఎప్పుడైనా మా ఊరికి పంపితే, ఆ పీడనాన్ని ప్రతిసారీ కొలిచారా అని తప్పక అడగండి. పాత నైట్రోజన్ కూడా ఇబ్బందే. మూత తీసి ఉంచితే గాలిలోని ఆక్సిజన్ అందులో కలిసి, మరిగే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. డ్యూవార్‌ను (లిక్విడ్ నైట్రోజన్ ఉంచే ఫ్లాస్కును) తాజాగా నింపించండి. మోసుకెళ్లేటప్పుడు లిఫ్ట్‌లో డ్యూవార్ ఒక్కదాన్నే పంపి, మీరు మెట్లెక్కండి. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, మూసిన లిఫ్ట్‌లో ఊపిరి ఆడదు. ఈ మాట మా ల్యాబ్‌కు కొత్తగా వచ్చే ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదటి రోజే చెబుతాను.

పాతగాజు (చెన్నై):

బెంగళూరు వారు బాగా చెప్పారు. ఆసిడ్ సంగతి నేను చెబుతాను.

హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వద్దమ్మా. కాల్సైట్ పోతుంది, దాంతోపాటు హ్యూలండైట్‌లోని కాల్షియం, అల్యూమినియం కూడా కరిగి బయటికొస్తాయి. మీకు మిగిలేది ఆసిడ్ తయారు చేసిన ఇంకో పదార్థం. కొన్నిసార్లు ఏరియా బ్రహ్మాండంగా పెరుగుతుంది, అంకె చూసి అందరూ మెచ్చుకుంటారు. కానీ మీరు అడిగిన ప్రశ్న రాయి గురించి కదా. మట్టి శాస్త్రం వాళ్లు వాడే సోడియం అసిటేట్, అసిటిక్ ఆసిడ్ బఫర్ ఒకటుంది, పీహెచ్ 5 దగ్గర ఉంచుతారు. కాల్సైట్‌ను నిదానంగా తింటుంది, గూటి జోలికి పెద్దగా పోదు. అయితే అందులోని సోడియం మీ రాయిలోకి దూరి కాల్షియంను బయటికి నెడుతుంది. పైన చెప్పాను కదా, అయాన్ మారితే వేడికి తట్టుకునే తీరూ మారుతుంది, గ్యాస్ పట్టే తీరూ మారుతుంది. కాబట్టి సహజ రూపం మీద పని చేసే భాగాన్ని బఫర్‌లో ముంచకండి. దాన్ని ఏరుకోవడమే దారి. మిగిలిన కాల్సైట్ ఎంత శాతమో టీజీఏలో తెలుస్తుంది. 600 దాటాక కార్బన్ డయాక్సైడ్ వదిలే మెట్టు కనబడుతుంది. ఆ శాతాన్ని బరువులోంచి తీసేసి లెక్క రాయండి. కాల్సైట్‌కు రంధ్రాలు లేవు, అది మీ గ్యాస్‌ను పట్టేదీ లేదు.

సోడియం రూపం, పొటాషియం రూపం కూడా చేసి పోల్చాలనిపిస్తే మంచిదే. ఒక మోలార్ క్లోరైడ్ ద్రావణంలో వెచ్చగా కలుపుతూ, ద్రావణాన్ని మార్చి మార్చి చేయండి. తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయండి. తెల్లగా విరిగితే ఇంకా కడగాలి. ఉప్పు మిగిలితే ఆరాక రంధ్రాల ముందు గడ్డకట్టి కూర్చుంటుంది.

బరువు గురించి ఎవరూ చెప్పలేదు, అది చెప్పి తీరాలి. ఏరియా గ్రాముకు ఇంత అంటాం, ఆ గ్రాము డీగ్యాస్ అయ్యాక ఉన్న గ్రాము. ముందు తూచిన బరువు వేస్తే హ్యూలండైట్‌లో నీళ్ల వల్లే ఆరో వంతు తప్పు వస్తుంది. డీగ్యాస్ అయ్యాక ట్యూబును ఏ గ్యాస్‌తో నింపి తీశారో కూడా అడగండి. ఖాళీ ట్యూబును మామూలు గాలితో తూచి, శాంపిల్‌తో ఉన్నదాన్ని హీలియంతో నింపి తూస్తే ఏమవుతుందో చూడండి. ట్యూబు 20 మిల్లీలీటర్లు అనుకుంటే, అందులో గాలి బరువు దాదాపు 24 మిల్లీగ్రాములు, హీలియం 3 కొంచెం పైన. ఇరవై మిల్లీగ్రాముల తేడా. మీరు వేసేది 200 మిల్లీగ్రాముల పొడి. అంటే పది శాతం అక్కడే పోయింది. ఖాళీ ట్యూబును కూడా అదే గ్యాస్‌తో నింపి తూచమనండి, ఆ గొడవే ఉండదు.

ట్యూబులో శాంపిల్ పోగా మిగిలిన ఖాళీ స్థలం కొలవడానికి మెషిన్ హీలియం వాడుతుంది. సన్న రంధ్రాల్లో ఆ చలిలో హీలియం చిక్కుకుపోతుంది. కొలత అయ్యాక ట్యూబును గది వేడికి తెచ్చి మళ్లీ వాక్యూమ్ లాగి, అప్పుడు అసలు కొలత మొదలుపెట్టమని చెప్పండి. కుదరకపోతే ఖాళీ స్థలాన్ని చివర్లో కొలవమనండి. ఆపరేటర్లకు అదనపు పనే, కానీ మర్యాదగా, కారణం చెప్పి అడిగితే కాదనేవారిని నేను చూడలేదు.

అలాగే డీగ్యాస్ చేసిన పొడిని సిలికా జెల్ డెసికేటర్‌లో పెట్టి రేపు తీసుకోవచ్చులే అనుకోకండి. నీళ్లు పోయిన జియోలైట్ సిలికా జెల్ కన్నా దాహంతో ఉంటుంది. ఆ జెల్‌లోని తేమనే లాక్కుంటుంది. డీగ్యాస్ పోర్టు నుంచి కొలత పోర్టుకు ట్యూబు మూతతోనే కదలాలి. మే నెలలో మన సముద్రపు గాలి వీచే సాయంత్రాల్లో అయితే మరీను.

బంకమన్ను:

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి, నాది క్లే, అంటే బంకమట్టి ఖనిజాల మీద పని. ఈ చర్చ చదివాక మా వాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నా. సెపియొలైట్ అనే క్లేకూ అచ్చం ఇదే కథ. నూరు డిగ్రీల దగ్గర డీగ్యాస్ చేస్తే గ్రాముకు 300 చదరపు మీటర్ల దాకా వస్తుంది. వేడి పెంచితే లోపల మెగ్నీషియంను అంటిపెట్టుకున్న నీళ్లు సగం పోయి, గూడు మడత పడి, ఏరియా సగానికి దిగుతుంది. గాలిలో 300 దగ్గర జరిగే ఈ మడత వాక్యూమ్‌లో ఇంకా ముందే జరుగుతుంది. కచ్ బెంటొనైట్ లాంటివాటిలో పొరల మధ్యకు నైట్రోజన్ అసలు వెళ్లదు, అందుకని 105, 110 దాటి వేడి చేసినా పెద్దగా లాభం లేదు. హాలొయ్‌సైట్ అనే క్లే అయితే కొద్దిపాటి వేడికే పొరల మధ్య నీళ్లు పోయి ముడుచుకుంటుంది, మళ్లీ నీళ్లు పోసినా మామూలుగా విచ్చుకోదు. అడుగున సెలడొనైట్ అన్నారు కదా, అది మీ పొడిలో కలిసిందో లేదో ఎక్స్‌ఆర్‌డీలో 10 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర చూడండి.

పెన్నా_తీరం (చెన్నై):

చూశానండి, చిన్న గుబ్బ ఉంది అక్కడ. మళ్లీ ఏరుతున్నాను. హ్యూలండైట్ 160 దగ్గర చేసి, ఉప్పు డెసికేటర్‌లో పెట్టి తూచితే మొదటి బరువు దాదాపుగా తిరిగొచ్చింది. గైడ్ గారికి ఎక్స్‌ఆర్‌డీ గీతలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయనే "కార్బన్ డయాక్సైడ్‌కి స్లాట్ బుక్ చెయ్" అన్నారు.

మాస్టారూ, ఏరేటప్పుడు పక్కన పెట్టిన స్టిల్బైట్ కూడా చాలా శుభ్రంగా ఉంది. పారేయబుద్ధి కావడం లేదు. దాన్ని కూడా ఇదే 160 దగ్గర చేసేయొచ్చా?

పాతగాజు (చెన్నై):

పారేయకండి, అది బంగారం. కానీ 160 అని ముందే రాసుకోకండి. స్టిల్బైట్‌లో నీళ్లు ఇంకా ఎక్కువ, దాదాపు 18 శాతం. గూడు హ్యూలండైట్‌కు చుట్టమే అయినా దారుల సైజు వేరు. వేడికి అది కూడా ముడుచుకునే రకమే, కానీ ఎక్కడ మొదలవుతుందో మీ రాయే చెప్పాలి. ముందు ఉప్పు డెసికేటర్‌లో వారం ఉంచి, టీజీఏకి ఇవ్వండి. ఆ గీత వచ్చాక ఇక్కడ పెట్టండి, ఏ మెట్టు దగ్గర ఆగాలో కలిసి చూద్దాం. ఆ లోపు డబ్బా మీద క్వారీ పేరు, ఏరిన తేదీ, మెష్ సైజు రాసి అతికించండి.